బయటి మరుగుదొడ్డి, బిడ్డ బెదురు

ఇంటిలో ఎవరి సాయమును లేకయే ఒంటికి, రెంటికి చక్కగా వెళ్ళివచ్చు నాలుగైదేండ్ల బిడ్డ, బస్సుస్టాండులోనో, సినిమాహాలులోనో, పెండ్లి మండపములోనో మరుగుదొడ్డి గడప కడకు వచ్చుసరికి తల్లి కొంగు బిగబట్టి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి, ‘నాకు రావట్లేదు, ఇంటికెళ్ళాక పోతా’నని ఏల భీష్మించును? చిన్నపిల్లలు గల ఇండ్లలో ఈ ప్రశ్న పుట్టనిది లేదు. దానికి పెద్దలు చెప్పు సమాధానములును మనకు క్రొత్తవి కావు: గారాబము హెచ్చినదని తాతగారు, మొండిఘటమని తండ్రి, దిష్టి తగిలినదని పొరుగింటి పెద్దమ్మ, ఈడు వచ్చిన అదియే పోవునని అమ్మమ్మ. ఈ నలుగురిలో అమ్మమ్మ మాట కొంతవఱకు నిజము. ఏలయన బాల్యభయములలో పెక్కు కాలక్రమమున తామే సడలును. అయితే అంతవఱకు ఆ బిడ్డ మూత్రాశయమును, పెద్దప్రేగును ఊరకుండవు గదా! అవి బిగబట్టుటను అభ్యసించి, ఆ అభ్యాసమును బడికిని, ప్రయాణములకును వెంటగొనిపోవును. కనుక ఈ బెదురు ఏల పుట్టునో, ఎట్లు పెరుగునో, ఎట్లు తగ్గింపవచ్చునో విమర్శించి చూచుట వ్యర్థప్రయాస కాదు.

ఈ బెదురులో కొంత భాగము బిడ్డ యింద్రియములు ఉన్నదున్నట్లు గ్రహించిన సత్యము; కొంత భాగము పసిబుద్ధి వేసిన తప్పు లెక్క. సత్యమైన భాగమునకు మందు పరిసరమును సవరించుట. తప్పు లెక్కకు మందు మెల్లమెల్లగా అలవాటు చేయుట. మన యిండ్లలో సాధారణముగా దీనికి తలక్రిందుగా జరుగును. చెవులు నొచ్చుచున్నవని బిడ్డ చెప్పిన, ‘ఏమీ లేదు, ఊరుకో’ అందుము. నీటితోకూడ లోనికి కొట్టుకొనిపోదునని ఏడ్చిన, ‘సరే, ఇంటికే పోదాం పద’ అని చంక నెత్తుకొని వచ్చెదము.

చెవి చెప్పినది నిజమే

ధ్వని తీవ్రతను కొలుచుటకు శాస్త్రజ్ఞులు వాడు మానము డెసిబెల్. ఈ మానములో ఒక విచిత్ర మున్నది: పది డెసిబెల్లు పెరిగినదనగా ధ్వని మోసికొనివచ్చు శక్తి పది రెట్లయినదని అర్థము, ఇరువది పెరిగిన నూఱు రెట్లు. ఇద్దఱు ప్రక్కప్రక్కన కూర్చుండి మాటలాడుకొను ధ్వని సుమారు 60 డెసిబెల్లు. కెనడా దేశమున ఒక బడి బాలిక, చేతు లారబెట్టు యంత్రముల దగ్గఱ పిల్లలు చెవులు మూసికొనుట గమనించి, అల్బర్టా రాష్ట్రమునందలి బహిరంగ మరుగుదొడ్లలో 44 యంత్రములను ధ్వనిమాపకముతో పరీక్షించి, ఆ ఫలితములను 2019లో ఒక శిశువైద్య పత్రికలో ప్రకటించినది. ఆమె చేసిన తెలివైన పని యేమనగా, కొలతలను పెద్దల చెవి యెత్తున మాత్రమే కాక పిల్లల చెవి యెత్తునకూడ తీసికొనుట. కొన్ని యంత్రములు 100 డెసిబెల్లను మించినవి. అనగా సంభాషణ ధ్వనికంటె పదివేల రెట్లకు పైబడిన శక్తి. పెద్దవారికి నడుము కడ గాలి చిమ్ము ఆ యంత్రపు నోరు పసివానికి చెవి కెదురుగనే యుండును. చెవులు నొచ్చుచున్నవని పిల్లలు చెప్పునది సత్యమేయని ఆమె తేల్చినది. ఇట్టి యంత్రములను ఎన్నుకొని గోడకు బిగింపించు అధికారులలో మూడడుగుల వారెవ్వరును లేరుకదా!

యంత్రము లేని చోటనైనను ఆ గది నిర్మాణమే ధ్వనికి బలమిచ్చును. మన పడకగదిలో పఱపులు, దిండ్లు, తెరలు, దండెముమీది బట్టలు ధ్వనిని మ్రింగివేయును. మరుగుదొడ్డిలో గోడకును, నేలకును పింగాణీ పలకలే గాని మెత్తని వస్తువు మచ్చునకైనను లేదు. 1895 ప్రాంతమున హార్వర్డు విశ్వవిద్యాలయమునందు వాలెస్ సెబైన్ అను ఆచార్యుడు, ప్రతిధ్వనులవలన పాఠము వినబడని ఒక ఉపన్యాసశాలలోనికి రాత్రివేళల నాటకశాల దిండ్లు మోయించి, దిండ్లు పెరిగినకొలది ధ్వని ఎంత త్వరగా ఆఱిపోవునో కొలిచి, ఈ సంగతిని శాస్త్రముగా నిలువబెట్టెను. దిండ్లు లేని ఉపన్యాసశాలలో విద్యార్థి కేమి గతి పట్టెనో, ఫ్లష్ మీట నొక్కిన వేళ పసిబిడ్డ కదియే గతి పట్టుచున్నది.

ఇంతకంటె ముఖ్యమైనది ఆ ధ్వని చెప్పకుండ వచ్చుట. అకస్మాత్తుగ పెద్ద చప్పుడు వినబడిన మెడ, భుజములు బిగిసి, కనుఱెప్ప మూసికొనుట మెదడు కాండములో జరుగు సహజ ప్రతిక్రియ. క్షణకాలమైనను పట్టని ఆ ఉలికిపాటునకును, ఆలోచనకును సంబంధము లేదు. కనుకనే ‘భయపడకు’ అను మాట దానిని చేరజాలదు. విమానాశ్రయములలోను, పెద్ద అంగడులలోను, అమెరికాయందలి మన తెలుగు కుటుంబముల పిల్లలు చదువు బడులలోను కమోడు వెనుక ఒక ఎఱ్ఱని కన్ను వంటి సాధన ముండును. అది కంటికి కనబడని పరారుణ కిరణమును పంపి, ఎదుట మనిషి లేచిపోయెనని తోచినంతనే తనంతట తానే నీటిని వదలును. బిడ్డ దేహము చిన్నది. కొంచెము ముందునకు వంగిన చాలును, కూర్చున్న బిడ్డ లేచిపోయినట్లు ఆ కన్ను భ్రమపడును. తాను కూర్చుండియుండగనే క్రిందినుండి జలఘోష పుట్టిన ఆ గదిని నమ్ముమనుట పెద్దల కైనను ధర్మము కాదు.

రంధ్రము కొలత

ఇక బుద్ధి వేసిన తప్పు లెక్కకు వత్తము. నీరు సుడి తిరుగుచు లోనికి పోవుటను చూచిన బిడ్డ, దానితోకూడ తానును పోదునేమో యని భయపడును. పెద్దలకు నవ్వు వచ్చును. కాని వస్తువుల పరిమాణమును చూచుట వేఱు, ఆ పరిమాణమును తన దేహముతో పోల్చి నడచుకొనుట వేఱు. 2004లో జూడీ డెలోషీయు, ఆమె సహచరులును ‘సైన్స్’ పత్రికలో ఒక ముచ్చటైన పరిశోధనను వెల్లడించిరి: ఏడాదిన్నర మొదలు రెండున్నర యేండ్లవఱకు వయస్సు గల పిల్లలను ఎక్కి కూర్చుండదగిన బొమ్మ కారుతో, కుర్చీతో, జారుడుబల్లతో ఆడనిచ్చి, పిదప వానిని తీసివేసి, అట్టివే అఱచేతిలో పట్టునంత చిన్నవి ఉంచిరి. కొందఱు పిల్లలు ఆ చిన్న కారు తలుపు తెఱచి, అందులో కాలు దూర్ప యత్నించిరి! మూడేండ్లు దాటునప్పటికి ఈ పొరపాటు చాలవఱకు సమసిపోవును. అయినను అట్టి దశను దాటి ఎంతో కాలము కాని బిడ్డకు, తన నడుము పట్టని రంధ్రములో తాను పోజాలనను నమ్మకము అలజడి వేళ కుదురకపోవుటలో ఆశ్చర్యమేమి? అమెరికాలో పిల్లల టెలివిజను కార్యక్రమమును దీర్ఘకాలము నడిపిన ఫ్రెడ్ రోజర్స్, నీరు పోవు తూములో మనుష్యుడు పోలేడని చెప్పుటకే ఒక పాట కట్టి పాడవలసివచ్చెననిన, ఈ భయము ఒక్క మన యింటి బిడ్డదే కాదని తెలియును.

లోనికి పోదునను భయము భ్రమ. పడిపోదునను భయము మాత్రము భ్రమ కాదు. పెద్దల కొలతకు చేసిన కమోడుమీద బిడ్డ పాదములు గాలిలో వ్రేలాడును. పడకుండుటకై తొడలు, పిఱుదులు బిగబట్టును. ఆ బిగింపుతో కటిప్రదేశపు కండరములు సడలవు. అవి సడలనిదే మలము సుఖముగ వెలువడదు. నేలమీది మరుగుదొడ్డిలో గొంతుకూర్చుండుట దేహమున కనుకూలమే గాని, అక్కడ అడుగు లుంచు చోటులు పెద్దల కాళ్ళ ఎడమునకు ఏర్పఱచినవి; నేల తడి; పట్టుకొనుటకు ఏమియు నుండదు.

మఱొక కారణమును వ్రాయుటకు మనస్సు నొచ్చును. ‘అన్నం తినకపోతే బాత్రూములో పెట్టి గడియ వేస్తా’నని బెదిరించుట మన యిండ్లలోను, కొన్ని బడులలోను ఉన్నదే. మునుపటి దినము చెఱసాలగా చూపిన గదిని మఱునాడు నిర్భయముగ వాడుమని కోరుట ఏమి న్యాయము?

భయపడిన దేహము తలుపు మూయును

‘రావట్లేదు’ అన్న బిడ్డ మాటను అబద్ధముగ తలచుట మనము చేయు మఱొక పొరపాటు. మూత్రాశయము కండరముతో నైన సంచి. అది సాగుచు నిండునంతసేపు దాని మెడ బిగిసియుండవలెను. వదలు వేళ సంచి ముడుచుకొని, మెడ సడలవలెను. మొదటి స్థితిని కాపాడునవి అలజడినాడులు, అనగా వైద్యులు సింపథెటిక్ నాడులని పిలుచునవి. రెండవ స్థితిని కలిగించునవి నెమ్మదినాడులు, వారి భాషలో పారాసింపథెటిక్ నాడులు. గుండె దడదడలాడించి, అఱచేతులకు చెమట పట్టించి, దేహమును పరుగునకు సిద్ధపఱచునవియు ఆ అలజడినాడులే. వీనికి తోడు మన యిచ్ఛకు లోబడిన వెలుపలి బిగికండర మొకటి కలదు. భయములో నదియు బిగియును. కావున సంచి నిండియున్నను ధార రాదు. ‘తొందరగా కానీ, బస్సు పోతుంది’ అని తల్లి తలుపు తట్టినకొలది మఱియు రాదు. పెద్దవారిలోను ఇతరులు దాపున నుండగా మూత్రము రాని వారు కలరు. 1954లో ఇద్దఱు అమెరికా పరిశోధకులు ఆ స్థితికి పారురెసిస్ అని పేరిడిరి.

బిడ్డ వయస్సునకు రెండు కలిపి, దానిని ముప్పదితో హెచ్చవేసిన, ఆ మూత్రాశయము పట్టు మిల్లీలీటర్లు సుమారుగ తెలియునని వైద్యుల స్థూలగణితము. ఐదేండ్ల బిడ్డకు 210 మిల్లీలీటర్లు. పెద్దవారికి 400 మొదలు 500 వఱకు. పెద్దలతో సమానముగ బిడ్డయు నాలుగు గంటలు ఓర్చుకొనవలెననుట ఈ లెక్క నెఱుగని మాట. బడిలో దొడ్డికి పోవుట కిష్టపడని పిల్లలు నీరు త్రాగుటయే మానుకొందురు, మూత్రము చిక్కబడును, సూక్ష్మజీవులు కడిగివేయబడక నిలిచి, మంటయు, జ్వరమును కలిగించును.

రెంటికి బిగబట్టుట ఇంకను హానికరము. పెద్దప్రేగు పని నీటిని పీల్చుట. లోన నిలిచిన మలమునుండి అది మఱింత నీటిని పీల్చుచునే యుండును. మలము గట్టిపడి, వెడలునపుడు నొప్పి కలిగించును. నొప్పికి జడిసి బిడ్డ మరల బిగబట్టును. క్రమముగా ప్రేగు తుదిభాగము వ్యాకోచించి, నిండిన సంగతిని తెలుపుటయే మానును. తుదకు గట్టి ముద్ద చుట్టును పలుచని మలము జారి బట్టలను పాడుచేయును. దానిని నిర్లక్ష్యమని తలచి కొట్టు తల్లిదండ్రు లున్నారు. కడుపులో నున్నది మలబద్ధకము. బిడ్డ కా జారుడు తెలియనే తెలియదు.

తప్పించుకొనుటకు చెల్లించు వడ్డీ

ఒక రైతు అప్పుచేసినాడనుకొందము. షావుకారు గుమ్మములో నిలుచున్నంతసేపు వానికి ప్రాణము గిలగిలలాడును. వడ్డీ చేతిలో పెట్టగనే షావుకారు వెడలిపోవును, ఇంటిల్లిపాదికి ఊపిరి సలుపును. ఆ తెరపియే వానిని మరుసటి పంటకును వడ్డీయే చెల్లించుటకు పురికొల్పును. అసలు మాత్రము కదలదు. మరుగుదొడ్డి గడపనుండి బిడ్డను ఎత్తుకొని వచ్చుటయు నిట్టిదే. వెనుదిరిగిన మఱుక్షణమున బిడ్డకు కలుగు హాయి సామాన్యమైనది కాదు. ‘పాఱిపోయితిని, బ్రతికితిని’ అని మెదడు ఆ హాయితో పాఠము నేర్చుకొనును. లోనికి పోయిన ఏమియు కాదని తెలిసికొను అవకాశ మొక్కటియు దానికి దొరకదు. భయము అంటుకొనుట ఒక విద్య, తప్పించుకొనుటవలన అది నిలుచుట వేఱొక విద్యయని 1947లో ఆర్వల్ మౌరర్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించెను. అట్లని ఏడ్చు బిడ్డను లోనికి ఈడ్చి గడియ పెట్టుట అప్పు తీర్చుట కాదు, ఇంకొక పత్రము వ్రాసి క్రొత్త అప్పు తెచ్చుట.

అసలు తీరు త్రోవను చూపినది మేరీ కవర్ జోన్స్. కుందేలును చూచి బెదరు పీటర్ అను బాలుని, మూడేండ్లైనను నిండని వానిని, ఆమె కొలంబియా విశ్వవిద్యాలయమున పరిశీలించి, ఆ వృత్తాంతమును 1924లో ప్రకటించెను. మొదట పంజరములోని కుందేలు గదిలో ఏ మూల నున్నను వాడు భరింపలేకపోయెను; పిదప పండ్రెండడుగుల దూరమున నోర్చెను; నాలుగడుగులు, మూడడుగులు, ప్రక్కనే; తుదకు కుందేలు తన వ్రేళ్ళను కొఱుకుచున్నను నవ్వుచుండెను. వాని కిష్టమైన ఆహారమును తినిపించుచు కుందేలును అంగుళ మంగుళముగ చేరువ చేయుటయు, భయపడని పిల్లలను వాని కంటియెదుట ఆడించుటయు ఆమె యుపాయములు. తోడి పిల్లల భయములపై ఆమె ఇతరోపాయములనుకూడ పరీక్షించెను: మాటలతో నచ్చజెప్పుట పనిచేయలేదు, ఎగతాళి పనిచేయలేదు, కాలమునకు వదలివేయుటయు నమ్మదగినది కాలేదు. మన యిండ్లలో నిత్యము వాడు మూడు మందులు నివియే కదా! అజాగ్రత్తగా చేసిన కుందేటి భయము పోవుటకు మాఱుగా అన్నమే భయంకర మగునని ఆమె హెచ్చరించెను. కాబట్టి తొందరపాటు తగదు.

దక్షిణాఫ్రికాలో జోసెఫ్ వోల్పే అను వైద్యుడు పిల్లులతో చేసిన ప్రయోగములు మన విషయమునకు ఇంకను సన్నిహితములు. ఏలయన ఆ పిల్లులు భయపడినది ఒక గదికి. విద్యుద్ఘాతము తగిలిన గదిలో అవి ఆకలిగొన్నను ముద్ద ముట్టలేదు. వోల్పే వానికి ఆ గదిని అంతగా పోలని గదిలో మేత పెట్టి, అక్కడ కుదుటబడిన పిదప కొంచెము పోలిన గదిలో, తరువాత ఇంకను పోలిన గదిలో, ఇట్లు క్రమముగా తుదకు ఆ గదిలోనే తినునట్లు చేసెను. 1958లో ఆయన ప్రచురించిన గ్రంథము ఈ పద్ధతిని మనుష్యుల చికిత్సలో నెలకొల్పినది.

గడపనుండి లోపలికి

ఈ క్రమాభ్యాసమును మరుగుదొడ్డికి వర్తింపజేయుటలో మొదటి నియమము: అవసరము లేనప్పుడే అలవాటు చేయవలెను. కడుపు నిండి, బస్సు కదలుచున్న వేళ పాఠము చెప్పుట కాదు. తీరిక గల దినమున, జనసమ్మర్దము లేని ఉదయమున, వెలుతురుండి శుభ్రముగ నున్న ఒక చోటిని ఎన్నుకొని, ఆ దినము ద్వారము కడ నిలిచి లోనికి చూచి వచ్చుటతో సరిపెట్టవలెను. మరుసటి సారి లోనికి పోయి చేతులు కడిగికొని వచ్చుట. పిదప అమ్మ కూర్చుండగా చూచుట, లేదా అక్కనో అన్ననో ముందు పోనిచ్చుట. తరువాత బట్టలతోనే కమోడుమీద కూర్చుండి లేచుట. ఏ మెట్టుపైనను బిడ్డ భయము కొంత దిగువఱకు ఆగి, ఆ దిగిన వేళ వెలుపలికి రావలెను గాని, భయము శిఖరమున నుండగా పరుగెత్తుకొని రారాదు. అది వడ్డీ చెల్లింపే. దిగకున్నచో మెట్టు పెద్దదైనదని గ్రహించి, దానిని రెండుగా విఱువవలెను. చిన్న బహుమతియో, మెచ్చుకోలో ఆ క్షణముననే ఈయవలెను. ఇంటికి పోయిన పిదప ఇచ్చునది పసివానికి దేనికి వచ్చెనో తెలియదు.

ధ్వని విషయమున బిడ్డతో అబద్ధమాడరాదు. ‘చప్పుడొస్తుందా అమ్మా?’ అని అడిగిన, ‘రాదులే’ అని లోనికి తీసికొనిపోయిన తల్లి ఒక్క నిమిషములో తన మాటకు విలువ పోగొట్టుకొనును. ‘వస్తుంది కన్నా, పెద్దగానే వస్తుంది. నువ్వు చెవులు మూసుకో, నేను మూడు లెక్కపెట్టాక నొక్కుతా’ అన్నచో చప్పు డంతయే యైనను, ఉలికిపాటు తగ్గును. ఎప్పుడు వచ్చునో తెలిసిన ధ్వని తెలియని ధ్వనియంత బాధింపదు. మీట నొక్కు అధికారమును తుదకు బిడ్డకే ఈయవలెను, అదియు తలుపు బయటనుండి చేయి చాచి నొక్కుటతో ప్రారంభించి. తానే నీటిని వదలు కమోడైనచో దాని కంటిమీద ఒక కాగితపు ముక్క అంటించి, పని ముగిసి బిడ్డ బయటికి వచ్చిన పిదప తీసివేయవచ్చును. చేతు లారబెట్టు యంత్రముతో పనియే లేదు. మన చీర చెఱగులకును, కండువాలకును లోటు లేదు.

పాదములకు ఆనిక దొరకునట్లు తలక్రిందు బకెట్టో, గట్టి సంచియో పెట్టవచ్చును. అదియు లేనిచో తల్లి ఎదుట కూర్చుండి బిడ్డ పాదములను తన మోకాళ్ళపై నుంచుకొనవచ్చును. నేల దొడ్డిలో చెప్పులు విప్పింపక, రెండు చేతులును పట్టుకొని కూర్చుండబెట్టవలెను. రెంటికి వెళ్ళు వేళను ఇంటియందే స్థిరపఱచుట మంచిది: ఆహారము కడుపులో పడినంతట పెద్దప్రేగు కదలుట సహజము గనుక, ఉదయపు టిఫిను ముగిసిన కొలది నిమిషములకు తొందర లేకుండ కూర్చుండబెట్టిన, బడిలో ఆ అవసరమే చాలవఱకు తప్పును.

దుర్గంధము, మురికి విషయమున మాత్రము నేను బిడ్డ పక్షమే. భయము అలవాటుతో తగ్గినంత సులభముగ అసహ్యము తగ్గదు. తగ్గింపవలెనని ప్రయత్నించుటయు నాకు సమ్మతము కాదు. అట్టి చోట నీళ్ళు పోసి కడిగి పిదప బిడ్డను పంపవలెను, లేదా వేఱొక చోటు వెదకవలెను. సులభ్ సంస్థ 1974లో పాట్నాలో డబ్బు చెల్లించి వాడుకొను మరుగుదొడ్లను ఆరంభించిననాటినుండి శుభ్రత గల బహిరంగ దొడ్లు ఈ దేశమునకు తెలియనివి కావు. కాని వానిలో పసివారి యెత్తుకు తగిన పీఠమొక్కటి, మెట్టొక్కటి ఉంచవలెనను తలంపు కట్టించువారికి అరుదుగ కలుగుచున్నది.

కొన్ని లక్షణములు ఇంటి వైద్యమునకు లొంగవు. మూత్రమున మంట, నెత్తురు, దినములతరబడి విరేచనము లేకపోవుట, బట్టలలో జారుట కనిపించిన శిశువైద్యుని చూడవలెను. ఆటిజం గల పిల్లలలో కొందఱికి ధ్వని స్పర్శలు మనకంటె తీవ్రముగ తోచును గనుక వారి మెట్లు ఇంకను చిన్నవి కావలెను. నిన్నటివఱకు నిర్భయముగ పోవుచున్న బిడ్డ ఒక బడి దొడ్డికో, ఒక యింటి దొడ్డికో, ఒక మనిషి వెంట పోవుటకో హఠాత్తుగ జంకినచో, అది ఇక్కడ చెప్పిన భయము కాకపోవచ్చును. అక్కడ ఎవరైన బాధించిరా యని మెత్తగా, గద్దింపు లేకుండ అడిగి, బిడ్డ చెప్పినదానిని నమ్మవలెను. పిల్లల సహాయమునకై 1098 అను ఫోను సంఖ్య దేశమంతట నున్నది.

పోయిన భయము తిరిగి వచ్చినచో

పీటర్ కథలో ఒక భాగమును నేను వెనుకకు దాచితిని. కొంత మెఱుగైన పిదప వానికి స్కార్లెట్ జ్వరము వచ్చి, రెండు నెలలు ఆసుపత్రిలో నుండెను; అచటినుండి బయలుదేరు వేళ ఒక పెద్ద కుక్క మీదికి దుమికెను. కుందేటి భయము మొదటికి వచ్చినది. జోన్స్ మరల మొదటి మెట్టునుండి ఆరంభించెను. అన్నము తినిపించు ఉపాయమును చేపట్టినది ఈ రెండవ పర్యాయముననే. తగ్గిన భయము చెఱిగిపోవుట లేదు. దానిపై క్రొత్త పాఠ మొకటి వచ్చి చేరుచున్నది. ఆ పాఠము నేర్చిన చోటునే బాగుగ పనిచేయును. కావున అంగడి మరుగుదొడ్డిలో కుదుటబడిన బిడ్డ రైలుపెట్టెలో మరల బెదరుట వింత కాదు. రైలులో గది ఊగును, ఇనుము మ్రోగును. పాత పెట్టెలలోనైతే రంధ్రమునుండి పరుగులెత్తు పట్టాలే కనబడెడివి. రక్షణ పరిశోధనా సంస్థ తోడ్పాటుతో రైల్వేవారు అమర్చిన బయోటాయిలెట్లలో ఆ దృశ్యము లేదు. కొన్ని క్రొత్త బండ్లలో గాలి పీల్పుతో పనిచేయు కమోడులు వచ్చినవి. వాని చప్పుడు నీటి చప్పుడుకంటె హఠాత్తైనది. దూరప్రయాణమున బిడ్డతో ఎక్కినవారు, బండి ఇంకను స్టేషనులో నిలిచియుండగనే, ఏ అవసరమును లేని ఆ సమయమున, బిడ్డ చేయి పట్టుకొని ఆ గదిని ఒకమాఱు చూపి, గొళ్ళెము ఎట్లు పడునో, ఎట్లు వచ్చునో బిడ్డచేతనే వేయించి తీయించి, మరల వచ్చి కూర్చుండవలెను. తక్కిన మెట్లకు రాత్రి అంతయు నున్నది.